మీ పొలం సమస్య మీద ప్రభుత్వ ఖర్చుతో పరిశోధన జరగాలంటే ఏం చేయాలి?

"వ్యవసాయ పరిశోధనకు వేల కోట్లు ఇస్తున్నారని చదివాం. అందులో మా ఊరికి ఏమైనా వస్తుందా? ఫారం ఎక్కడ ఇస్తారు?" నెల్లూరు, ప్రకాశం జిల్లాల రైతులు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్న ఇది. విడివిడిగా జవాబు చెప్పేకంటే పద్ధతి మొత్తం ఒకచోట రాస్తే అందరికీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం తెలుసుకోండి. ఈ డబ్బు మీ ఖాతాలో పడదు. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో వ్యవసాయ పరిశోధన, విద్యా విభాగానికి సుమారు 10,466 కోట్ల రూపాయలు కేటాయించారు. అందులో పెద్ద భాగం జీతాలకు, పరిశోధన సంస్థల నిర్వహణకు పోతుంది. మిగిలిన దాంట్లో రైతు దాకా వచ్చేది విత్తనంగా, మందుగా, పొలంలో పెట్టే ప్రయోగంగా, శాస్త్రవేత్త రాకగా వస్తుంది. ఏ ఊళ్ళో, ఏ పంట మీద, ఏ ప్రశ్నతో ఆ ప్రయోగం పెట్టాలన్నది ఏటా ఒక కాగితం మీద నిర్ణయమవుతుంది. మీ సమస్య ఆ కాగితం ఎక్కాలి. మనం చేయాల్సిన పనంతా దానికోసమే.

మూడు రకాల ప్రయోగాలు

మీరు ఏది అడుగుతున్నారో మీకు తెలిస్తే సగం పని అయినట్టే.

పొలంలో పరీక్ష: కచ్చితమైన జవాబు ఇంకా తెలియని సమస్యకు ఇది. మీ పద్ధతిని ఒక పక్క, శాస్త్రవేత్తలు సూచించిన ఒకటి రెండు పద్ధతులను మరో పక్క పెట్టి కొద్దిమంది రైతుల పొలాల్లో పోల్చి చూస్తారు. అధికారులు దీన్నే 'ఆన్ ఫామ్ ట్రయల్' అంటారు.

ప్రథమ శ్రేణి ప్రదర్శన: జవాబు తెలిసిపోయింది, మీ ప్రాంతంలో చేసి చూపించాలి అన్నప్పుడు ఇది. సాధారణంగా ఎకరం విస్తీర్ణంలో ఉంటుంది. పక్కనే మీ మామూలు సాగు కూడా ఉండాలి.

చిరుసంచులు, అంటే మినీకిట్: విడుదలకు ముందున్న వరి, శనగ, కంది లాంటి రకాలను కొద్దికొద్దిగా రైతులకిచ్చి పండించి చూస్తారు. కొత్త రకం మీద ఆసక్తి ఉంటే అడగాల్సింది దీన్నే.

మీ దగ్గర ఉండాల్సినవి

- పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్ నకళ్ళు. కౌలు రైతులైతే పంట సాగుదారు హక్కు పత్రం. పొలంలో ప్రయోగానికి యజమాని కూడా ఒప్పుకున్నట్టు రెండు ముక్కలు రాయించుకుంటే తర్వాత పేచీ ఉండదు.
- ఈ-పంట నమోదు రసీదు.
- భూసార పరీక్ష ఫలితం. బోరు కింద సేద్యమైతే నీటి పరీక్ష కూడా.
- కనీసం రెండేళ్ళ పంట వివరాలు: రకం, విత్తిన లేక నాటిన తేదీ, వేసిన ఎరువులు, కొట్టిన మందులు, వచ్చిన దిగుబడి. డైరీ లేకపోతే మందుల షాపు బిల్లులు, ధాన్యం తూకం చీటీలు ముందేసుకుని కూర్చుంటే చాలావరకు గుర్తొస్తాయి.
- ఫోటోలు: దగ్గరగా ఒకటి, మొక్క మొత్తం ఒకటి, కయ్య (మడి) మొత్తం ఒకటి. తేదీ కనిపించాలి.
- అదే సమస్య ఉన్న తోటి రైతుల పేర్లు, ఎకరాలు, సంతకాలు.

అన్నిటికంటే బరువైనది ఆఖరిది. ఒక్క రైతు ఎకరానికి ప్రయోగం పెట్టడం శాస్త్రవేత్తకూ కష్టమే, పై ఆఫీసుకు ఆయన కూడా సమాధానం చెప్పుకోవాలి. అదే ఊరంతా నలభై ఎకరాల్లో ఉన్న సమస్య అంటే ఆయన చేతికి బలం వస్తుంది.

1. ఇది సలహాతో తీరేదా, పరిశోధన కావాల్సిందా తేల్చుకోండి

బీపీటీ 5204 (సాంబ మసూరి) వరికి అగ్గితెగులు వస్తోందని వెళ్తే మీకు దొరికేది సలహా మాత్రమే, ఎందుకంటే ఆ రకం అగ్గితెగులుకు లొంగుతుందని ఎప్పటినుంచో తెలుసు. తట్టుకునే రకాలు నెల్లూరు వ్యవసాయ పరిశోధన స్థానం నుంచే వచ్చాయి. అందరికీ తెలిసిన నెల్లూరు మసూరి, అంటే ఎన్ఎల్ఆర్ 34449, అలాంటిదే. కానీ "తట్టుకుంటుందన్న రకం వేసినా మా చివరి ఆయకట్టులో మెడవిరుపు (కంకి మెడకు వచ్చే అగ్గితెగులు) ఆగడం లేదు" అంటే అది పరిశోధన కావాల్సిన ప్రశ్న.

తేల్చుకోవడానికి ముందు రైతు సేవా కేంద్రంలో గ్రామ వ్యవసాయ సహాయకుడిని అడగండి. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేస్తే తెలుగులోనే చెబుతారు. వాళ్ళు చెప్పింది చేశాక కూడా సమస్య తీరకపోతే, ఏం చెప్పారో, మీరు ఏం చేశారో తేదీతో రాసి పెట్టుకోండి. ఆ రెండు వాక్యాలే తర్వాత మీ అర్జీకి ప్రాణం.

2. లక్షణాన్ని సరిగ్గా గుర్తించండి

"శనగ ఎండిపోతోంది" అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ఎండిపోతున్న మొక్కను వేళ్ళతో సహా పీకి, మొదలు దగ్గర కాండాన్ని నిలువుగా చీల్చి చూడండి. లోపల నల్లటి లేక గోధుమ రంగు చార ఉంటే ఎండు తెగులు. లోపల చార లేకుండా, పిల్లవేళ్ళు ఊడిపోయి, తల్లివేరు పుల్లలా పుటుక్కున విరిగితే ఎండు వేరుకుళ్ళు. ఇది ఎక్కువగా పూత, కాయ దశల్లో నేలలో తేమ తగ్గి ఎండ ముదిరినప్పుడు కనిపిస్తుంది. రెండింటి పరిష్కారాలు వేరు కాబట్టి ప్రయోగం కూడా వేరుగా ఉంటుంది.

మొక్క నమూనాను ప్లాస్టిక్ కవర్లో కట్టి తీసుకెళ్ళకండి, చెమ్మ పట్టి కుళ్ళిపోతుంది. కాగితంలో చుట్టి అదే రోజు చేర్చండి. పూర్తిగా చచ్చిన మొక్క కంటే ఇప్పుడిప్పుడే వాడుతున్న మొక్క పనికొస్తుంది. పక్కనున్న మంచి మొక్కను కూడా ఒకటి తీసుకెళ్ళండి, పోల్చడానికి.

మట్టి నమూనాకు ఎకరంలో ఎనిమిది పది చోట్ల 'వి' ఆకారంలో ఆరంగుళాల లోతు తవ్వి, గుంట పక్క నుంచి పైనుంచి కిందికి మట్టి గీకి, అంతా కలిపి అర కిలో తీయాలి. గట్ల పక్కన, పెంట కుప్పలు వేసిన చోట, చెట్ల నీడన తీయకూడదు.

3. సరైన గడప తొక్కండి

ఎక్కువ అర్జీలు ఇక్కడే దారి తప్పుతాయి.

- వరి, శనగ, కంది, మినుము లాంటి పంటలు: కృషి విజ్ఞాన కేంద్రం, లేదా జిల్లా ఏరువాక కేంద్రం. నెల్లూరు, దర్శిల్లో ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. వరి రకాల విషయమైతే నెల్లూరు వ్యవసాయ పరిశోధన స్థానానికి ఒక ప్రతి పంపండి.
- నిమ్మ, బత్తాయి, మామిడి, కూరగాయలు: ఇవి ఉద్యాన విశ్వవిద్యాలయం పరిధి. నిమ్మ రైతులకు వెంకటగిరి దగ్గర పెట్లూరులో ప్రత్యేకంగా పరిశోధన స్థానమే ఉంది. నిమ్మలో ఎండు తెగులు, గజ్జి తెగులు గురించి వ్యవసాయ కార్యాలయాల చుట్టూ తిరిగే బదులు అక్కడికే వెళ్ళండి.
- పొగాకు: కేంద్ర సంస్థది. దాని పరిశోధన కేంద్రం కందుకూరులో ఉంది.
- రొయ్య, చేప: మత్స్యశాఖ, ముత్తుకూరు మత్స్యశాస్త్ర కళాశాల.
- నెల్లూరు గొర్రెలు, ఒంగోలు పశువులు: పశుసంవర్ధక శాఖ ద్వారా పశువైద్య విశ్వవిద్యాలయానికి.

కందుకూరు, అద్దంకి, గూడూరు లాంటి చోట్ల జిల్లా గీతలు మారాయి. అందువల్ల మీ మండలం ఏ కేంద్రం కిందికి వస్తుందో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. "మాది కాదు" అనిపించుకుని వెనక్కి రావడంలో ఒక సీజన్ పోవచ్చు.

4. ఒక్క పేజీలో రాయండి

నాలుగు పేజీల బాధ రాస్తే పక్కన పెడతారు. ఒక్క పేజీలో అంకెలు రాస్తే ఫైల్లోకి వెళ్తుంది. కల్పించిన నమూనా ఒకటి ఇస్తున్నాను, మీ వివరాలతో మార్చుకోండి:

"పంట వరి. రకం ఎన్ఎల్ఆర్ 34449. కాలువ చివరి ఆయకట్టు. నవంబరు మూడో వారంలో నాటుతున్నాం. వరసగా మూడు రబీల నుంచి కంకి బయటపడ్డాక మెడవిరుపు వస్తోంది. మా ఊళ్ళో 14 మంది రైతులకు, 40 ఎకరాల్లో ఉంది. దిగుబడి ఎకరాకు 2,700 కిలోల నుంచి 1,900 కిలోలకు పడిపోయింది. సూచించిన మందు రెండుసార్లు కొట్టాం, తేదీలు జతచేశాం. మా ప్రశ్న: పదిహేను రోజులు ముందే నాటి, నత్రజని తగ్గిస్తే ఇది తగ్గుతుందా? ప్రయోగానికి ముగ్గురం ఒక్కో ఎకరం ఇస్తాం."

చివరి రెండు వాక్యాలు చూడండి. ఒక ప్రశ్న ఉంది, పొలం సిద్ధంగా ఉంది. "మమ్మల్ని ఆదుకోగలరు" అన్న మాటకు పరిశోధన కార్యక్రమంలో పద్దు లేదు. "ఇది చేస్తే అది తగ్గుతుందా" అన్నదానికి ఉంది.

దిగుబడి పుట్లలో రాయకండి. నెల్లూరు పుట్టి 850 కిలోలు అని మనకు తెలుసు. కానీ కొనేటప్పుడు తరుగు పేరుతో దాని మీద ఎంత తీసుకున్నారో చీటీలో ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటుంది. కిలోల్లోనే రాయండి.

5. సమయం దాటిపోనివ్వకండి

నా అభిప్రాయంలో మొత్తం ప్రక్రియలో అతి ముఖ్యమైనది ఇదే. పంట మీద తెగులు కనిపించిన రోజు పరుగెత్తితే దొరికేది సలహా. ప్రయోగం కావాలంటే సీజన్‌కు రెండు మూడు నెలల ముందే మీ పేజీ వాళ్ళ టేబుల్ మీద ఉండాలి.

కృషి విజ్ఞాన కేంద్రాల లెక్క ఏప్రిల్ నుంచి మార్చి వరకు. వాటికి నూరు శాతం డబ్బు భారత వ్యవసాయ పరిశోధన మండలి ఇస్తుంది. వచ్చే ఏటి ప్రణాళిక అంతకు ముందు నెలల్లోనే తయారవుతుంది, కాబట్టి జనవరిలోపు ఇవ్వడం మంచిది. విశ్వవిద్యాలయం తరఫున ప్రాంతీయ పరిశోధన, విస్తరణ సలహా మండలి సమావేశాలు సీజన్లకు ముందు జరుగుతాయి. పాత నెల్లూరు జిల్లా తిరుపతి ప్రాంతీయ పరిశోధన స్థానం కిందికి, పాత ప్రకాశం జిల్లా గుంటూరు లాం కిందికి వస్తాయి.

నెల్లూరు రైతులకు ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. రాష్ట్రంలో చాలాచోట్ల వరికి ప్రధాన కాలం ఖరీఫ్. పెన్నా డెల్టాలో మన పెద్ద పంట అక్టోబరు, నవంబరులో మొదలవుతుంది, రెండో పంటైన ఎడగారు వేరే. అందువల్ల అర్జీలో "ఖరీఫ్", "రబీ" అని వదిలేయకుండా నారు పోసే నెల, నాటే నెల రాయండి. పెద్ద పంటకైతే ఆగస్టు లోపు మళ్ళీ ఒకసారి వెళ్ళి గుర్తుచేయండి. ప్రకాశంలో శనగ కూడా అక్టోబరు, నవంబరులోనే విత్తుతారు కాబట్టి అదే లెక్క.

6. ఇచ్చినట్టు ఆధారం పెట్టుకోండి

రెండు ప్రతులు తీసుకెళ్ళి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. వాట్సాప్‌లో పంపితే ఇచ్చినట్టు కాదు. ఇవి కాక ఇంకో ప్రతి మండల వ్యవసాయాధికారికి, ఒకటి జిల్లా ఆత్మ (వ్యవసాయ సాంకేతిక యాజమాన్య సంస్థ) కార్యాలయానికి ఇవ్వండి. ఆత్మ పథకం కింద రైతు సలహా కమిటీలు ఉంటాయి, అందులో మీ మండలం రైతు ఎవరున్నారో అడిగి తెలుసుకోండి. కృషి విజ్ఞాన కేంద్రానికి కూడా శాస్త్రీయ సలహా కమిటీ ఉంటుంది, అందులోనూ రైతు సభ్యులుంటారు. మీ సమస్య ఆ సమావేశం మినిట్స్‌లో ఒక్క వాక్యంగా వచ్చినా, మరుసటి ఏడు దాన్ని చూపించి అడగొచ్చు.

హెచ్చరిక: "పరిశోధన సబ్సిడీ ఇప్పిస్తాం, ముందు ఖర్చులకు ఇవ్వండి" అని ఎవరైనా అంటే ఒక్క రూపాయి ఇవ్వకండి. ప్రయోగంలో రైతుగా చేరడానికి ఎక్కడా ఫీజు లేదు. ఓటీపీ అడిగితే అసలే చెప్పకండి.

7. ప్రయోగం మీ పొలానికి వచ్చినప్పుడు

మొదటి రోజే నాలుగు విషయాలు అడగండి: ఏమేమి ఇస్తారు, నేనేం పెట్టుకోవాలి, ఏది చేయకూడదు, ఫలితం నాకు ఎప్పుడు ఇస్తారు. పంట దెబ్బతింటే పరిహారం ఉంటుందా అని కూడా మొహమాటం లేకుండా అడగండి. ఉండదనే అనుకుని, పోయినా తట్టుకోగలిగినంత నేల మాత్రమే ఇవ్వండి. అప్పు మీద కౌలు చేస్తున్నవాళ్ళు ఉన్న రెండెకరాలూ ప్రయోగానికి ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

పోలిక కోసం పెట్టే కయ్య పక్కనే ఉండాలి. అదే రోజు నాటాలి, అదే నీరు రావాలి. ప్రయోగం కాలువ మొదట, పోలిక కయ్య చెట్టు నీడలో పెడితే వచ్చే తేడాకు అర్థం లేదు.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు మందు దగ్గర. పక్క పొలంలో పురుగు కనిపించగానే కంగారుపడి ప్రయోగం మీద కూడా మనకు తెలిసిన మందు కొట్టేస్తాం. నల్ల తామర పురుగు వచ్చినప్పుడు మిరప రైతుల టెన్షన్ ఎలా ఉంటుందో చూసినవాళ్ళకు ఇది అర్థమవుతుంది. అయినా ముందు శాస్త్రవేత్తకు ఫోన్ చేయండి. కొట్టక తప్పకపోతే రెండు కయ్యల్లోనూ కొట్టి, మందు పేరు, మోతాదు, తేదీ రాయండి. దాచిపెడితే మాత్రం ఆ ఫలితం రేపు వందల ఎకరాలను తప్పుదారి పట్టిస్తుంది.

8. ఫలితాన్ని మీరే కొలవండి

వాళ్ళు కొలుస్తారు. మీరూ కొలవండి.

వరి అయితే కోతకు ముందు ప్రతి కయ్యలో మూడు చోట్ల ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు తాడుతో గుర్తు పెట్టండి. బాగున్న చోటు ఏరుకోకండి. గట్టు నుంచి రెండు మూడు మీటర్లు లోపలికి ఉండాలి, ఎందుకంటే అంచు వరసలు ఎప్పుడూ బలంగా ఉంటాయి. ఆ మేరకే కోసి, నూర్చి, తూర్పారబట్టి తూకం వేయండి. మూడు తూకాల సగటును 162తో గుణిస్తే ఎకరా దిగుబడి వస్తుంది. సగటు 17 కిలోలు వస్తే ఎకరాకు సుమారు 2,750 కిలోలు, అంటే మూడు పుట్లకు కొంచెం పైన. కంది లాంటి ఎడం సాళ్ళ పంటకు పది మీటర్లు, ఐదు మీటర్లు తీసుకుని 81తో గుణించండి.

రెండు కయ్యల గింజ ఒకే ఆరుదల మీద ఉండాలి. ఒకటి పొద్దున మంచులో, ఇంకొకటి మధ్యాహ్నం ఎండలో కోసి తూచి "తేడా వచ్చింది" అంటే ఆ తేడా నీటిదే కావచ్చు. తేమ కొలిచే మిషన్ రైతు సేవా కేంద్రంలో ఉంటే చూపించండి, కొనుగోలులో ధాన్యానికి 17 శాతం వరకే తేమ అనుమతి ఉందన్నది గుర్తుంచుకోండి.

మూడు కోతల్లో ఒకదానికొకటి పొంతన లేకుండా వస్తే, ఉదాహరణకు 12, 19, 15 కిలోలు, ఆ కయ్య సమంగా లేదని అర్థం. అలాంటప్పుడు రెండు పద్ధతుల మధ్య కిలో తేడాను నమ్మకండి. ఇంకో సీజన్ చూడాల్సిందే. ఖర్చు కూడా పక్కనే రాయండి. రెండు బస్తాలు ఎక్కువొచ్చి, కూలికి మూడు బస్తాల డబ్బు పోతే ఆ పద్ధతి మీకు గెలిచినట్టు కాదు. ఆ మాట శాస్త్రవేత్తకు నిర్మొహమాటంగా చెప్పండి. ఓడిన ప్రయోగం కూడా వాళ్ళ నివేదికలో ఉండాలి.

జవాబు రాకపోతే

రెండు నెలలు చూసి వెళ్ళి కలవండి. అప్పటికీ కదలకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రంలో దరఖాస్తు ఫీజు గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో సమాధానం రావాలి. "మా అర్జీ ఎందుకు పట్టించుకోలేదు" అని అడిగితే ఏమీ రాదు, ఆ చట్టం కింద దొరికేది రికార్డే. ఇలా అడగండి: "ఫలానా ఏడాది పొలాల్లో జరిగిన పరీక్షల జాబితా, గ్రామాల పేర్లతో, నకలు ఇవ్వండి. సలహా కమిటీ సమావేశం మినిట్స్ నకలు ఇవ్వండి." ఆ జాబితా చూస్తే మీ మండలంలో ఎన్నేళ్ళుగా ఏమీ జరగలేదో కాగితం మీదే తేలుతుంది.

మీది వేరే దారి అయితే

యంత్రమో, ప్రాసెసింగ్ ఆలోచనో ఉన్న యువత అడిగేది ప్రయోగం కాదు, పెట్టుబడి. రాష్ట్రీయ కృషి వికాస్ యోజన కింద అగ్రి స్టార్టప్‌లకు ఆలోచన దశలో 5 లక్షల వరకు, తర్వాతి దశలో 25 లక్షల వరకు గ్రాంటు ఉంది. ఎంపిక, శిక్షణ ఇంక్యుబేటర్ల (కొత్త సంస్థలకు తోడ్పడే కేంద్రాల) ద్వారా జరుగుతాయి. ఈ పథకంలో హైదరాబాద్‌లోని మేనేజ్ (జాతీయ వ్యవసాయ విస్తరణ యాజమాన్య సంస్థ) ఒక ప్రధాన భాగస్వామి. దరఖాస్తుకు ముందే పనిచేసే నమూనా ఒకటి చేతిలో ఉంటే మీ మాటకు విలువ పెరుగుతుంది.

ఇంట్లో తాతల నాటి విత్తనం కాపాడుతున్నవాళ్ళకు ఇంకొకటి. మొలగొలుకుల లాంటి పాత వరి రకమో, నాటు చిక్కుడో, ఏదైనా కావచ్చు. 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల చట్టం కింద రైతు తన రకాన్ని నమోదు చేసుకోవచ్చు, రైతుకు ఫీజు లేదు. అలా కాపాడినవాళ్ళకు ప్లాంట్ జీనోమ్ సేవియర్ పేరుతో రైతు స్థాయిలో లక్ష, లక్షన్నర, సమూహాలకు 10 లక్షల రూపాయల అవార్డులు ఉన్నాయి. దరఖాస్తును కృషి విజ్ఞాన కేంద్రం ద్వారా పంపొచ్చు. ఈ ఏడే ఆ విత్తనాన్ని విడిగా ఒక సెంటులోనైనా వేసి, కేళీలు (వేరే రకం మొక్కలు) ఏరేసి, మొక్క ఎత్తు, పూతకొచ్చిన రోజు, గింజ రంగు రాసుకోవడం మొదలుపెట్టండి. దరఖాస్తులో మొదట అడిగేవి అవే.